నేల ఉసిరి సరే... కామెర్లకు కారణం తెలుసా?

వానలు పడితే రామతీర్థం పొలం గట్లపైనా, ఇళ్ల ముందు పచ్చికలోనూ జానెడు ఎత్తున నేల ఉసిరి మొలుస్తుంది. ఉసిరాకును పోలిన చిన్న ఆకులు, రెమ్మ అడుగున వరుసగా ఆవగింజల్లాంటి పచ్చని కాయలు. తుంచితే పాలు కారవు. కాయలు గరుకుగా, రెమ్మకు అతుక్కుని ఉంటే అది దాని దాయాది ఎర్ర ఉసిరిక. చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు.

కళ్లు పచ్చబడితే మన ఇళ్లలో ముందు దీని పసరే తాగిస్తారు. తగ్గినట్టూ కనిపిస్తుంది. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్‌-ఎ చాలావరకు దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకు వస్తుంది. హెపటైటిస్‌-బి ఉన్న 37 మందికి నేల ఉసిరి ఇస్తే 22 మందిలో వైరస్‌ ఆనవాలు పోయిందని 1988లో మద్రాసు పరిశోధకులు 'లాన్సెట్‌' పత్రికలో రాశారు. తర్వాతి అధ్యయనాల్లో అది రుజువు కాలేదు.

పసరు తాగుతూ పోగొట్టుకునే రోజులే నా భయం. పిత్తనాళంలో రాయి ఉంటే పసరుకు కరగదు. గర్భిణికి హెపటైటిస్‌-ఇ ప్రాణాంతకం కావచ్చు. కామెర్లు కనిపించగానే రక్తపరీక్ష చేయించండి. మగత, తికమక, రక్తస్రావం ఉంటే క్షణం ఆగొద్దు. హెపటైటిస్‌-బి, సి పరీక్షలు, మందులు జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ వైద్యంలో ఉచితం. పెరట్లో మొక్కను గుర్తుపట్టే పెద్దల విద్యను పిల్లలకు నేర్పండి. జబ్బును గుర్తుపట్టే పని మాత్రం పరీక్షకు వదిలేయండి.