పెట్టెలో పుస్తకం, పలకలో పుస్తకం



గత వేసవిలో మేము ఒక పల్లెలో, పదవీ విరమణ చేసిన మాస్టారి ఇంటికి వెళ్లాము. చూపు మందగించిన తండ్రి కోసం పట్నం నుండి కుమారుడు ఒక ఈ-రీడరు తెచ్చాడు. చూడటానికి బడిపిల్లల పలకలాగే ఉన్నది. "నాన్నా, ఇందులో వేల పుస్తకాలు పడతాయి. ఆ ట్రంకు పెట్టెలోవి చెదలపాలు కావడం ఎందుకు, ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయారు. వంటింటి గుమ్మంలో నిలబడిన తల్లి మాత్రం ఒక్క మాట అడిగింది: "పెట్టెలోవి మీ తాతగారి తర్వాత మీ నాన్నకొచ్చాయి. రేపు నీకొస్తాయి. ఈ పలకలోవి ఎవరికొస్తాయిరా?"

ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. ఆ ప్రశ్ననే ఈ నెల మీ ముందు పెడుతున్నాము.

ముందుగా ఆ పలక సంగతి తెలుసుకుందాం. దాని తెర టీవీ తెరలాంటిది కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టిన ఆలోచనతో 1997లో ఈ-ఇంక్ అనే కంపెనీ ఏర్పడింది. వారి తెర లోపల తలవెంట్రుక మందమంత చిన్న చిన్న గుళికలుంటాయి. ఒక్కొక్క గుళికలో తెల్లని రేణువులు, నల్లని రేణువులు ద్రవంలో తేలుతుంటాయి. విద్యుత్తు తగిలినప్పుడు ఒక రంగువి పైకి వస్తాయి, మరొక రంగువి అడుగుకు పోతాయి. అలా అక్షరం ఏర్పడుతుంది. ఏర్పడిన అక్షరం నిలిచి ఉండటానికి మళ్లీ విద్యుత్తు అక్కరలేదు. అందుకే ఒకసారి చార్జి చేస్తే వారాల తరబడి వస్తుంది. కాగితంలాగే బయటి వెలుతురుతో కనబడుతుంది గనుక ఎండలో కూడా చదువుకోవచ్చు. 2004లో జపానులో సోనీ కంపెనీ ఇటువంటి పలకను అమ్మింది. 2007 నవంబరులో అమెజాన్ కంపెనీ 399 డాలర్లకు కిండిల్‌ను విడుదల చేస్తే, ఉన్నవన్నీ అయిదున్నర గంటల్లో అమ్ముడుపోయాయి.

దీనివల్ల మేలు లేదా? తప్పక ఉన్నది. అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు. కళ్లద్దాలు మార్చినా చదవలేని పెద్దలకు ఇది చిన్న సహాయం కాదు. చూపు లేని వారికైతే డిజిటల్ పుస్తకం గొప్ప ద్వారమే తెరిచింది. వారికోసం పుస్తకాలను వినడానికీ, తాకి చదవడానికీ వీలైన రూపంలోకి మార్చుకోనిచ్చే మరాకేష్ ఒడంబడిక 2013లో కుదిరింది. దానిని ప్రపంచంలో అందరికంటే ముందు, 2014లో ఆమోదించిన దేశం మనదే. 2016లో అటువంటి పుస్తకాల కోసం మన దేశంలో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభమైంది.

తెలుగువారికి మరొక మేలు కూడా జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు నాయకత్వం వహించిన మిలియన్ బుక్ పథకంలో, 2007 నాటికి వివిధ భాషల పుస్తకాలు 15 లక్షలకు పైగా స్కాన్ అయ్యాయి. పెట్టెల్లో పొడిపొడి అయిపోతున్న ఎన్నో తెలుగు పుస్తకాలు ఆ విధంగా బతికాయి.

అయితే ఇక్కడే మాస్టారి ఇంట్లో ఒక చిక్కు వచ్చింది. స్కాన్ చేసిన పుట నిజానికి ఒక బొమ్మ. అందులో అక్షరం మాత్రమే పెరగదు, పుట మొత్తం పెరుగుతుంది. చిన్న తెర మీద ఒక్కొక్క పంక్తినీ కుడికీ ఎడమకూ జరుపుకుంటూ చదవాలి. కొత్త పుస్తకాల సంగతి చూద్దామంటే, 2016 డిసెంబరులో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి గాని తెలుగు లేదు. ఏ పెద్ద అక్షరాల కోసం కుమారుడు అంత డబ్బు పెట్టాడో, ఆ అక్షరాలే తండ్రికి ఇష్టమైన పాత పుస్తకాలలో దొరకలేదు.

ఇక తల్లి అడిగిన ప్రశ్న. 2009 జూలైలో అమెరికాలో ఒక సంగతి జరిగింది. జార్జ్ ఆర్వెల్ రాసిన రెండు నవలలను, వాటిపై హక్కులేని వారు కిండిల్ దుకాణంలో అమ్మకానికి పెట్టారు. ఆ సంగతి తెలిసిన అమెజాన్, కొన్నవారి పలకలలో నుండి ఆ పుస్తకాలను దూరం నుండే తుడిచివేసి, డబ్బు తిరిగి ఇచ్చింది. అలా మాయమైనవాటిలో ఒకటి, ప్రభుత్వం పాత రాతలన్నిటినీ చెరిపివేసే కథ! తర్వాత ఆ కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 2019లో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన ఈ-పుస్తకాల దుకాణం మూసివేసినప్పుడు కూడా, పాఠకులకు డబ్బు తిరిగి వచ్చింది గాని పుస్తకాలు మిగలలేదు.

కారణమేమంటే, అటువంటి దుకాణాల్లో మనం పుస్తకాన్ని కొనడం లేదు, చదువుకోవడానికి అనుమతి కొంటున్నాము. ఆ అనుమతి కొన్నవారికే గాని, మరొకరికి బదిలీ చేయడానికి వీల్లేదని సాధారణంగా షరతుల్లోనే ఉంటుంది. చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని నొక్కేది మనమే గదా!

పిల్లల చదువు గురించి కూడా ఒక మాట. 2018లో స్పెయిన్ దేశపు పరిశోధకులు 54 అధ్యయనాలను కలిపి చూశారు. వాటిలో పాల్గొన్నవారు 1,71,000 మందికి పైనే. పాఠంవంటి విషయాలను తెరమీద చదివినవారి కంటే కాగితం మీద చదివినవారు బాగా గ్రహించారని తేలింది. కథల విషయంలో అంత తేడా కనబడలేదు. స్వీడన్ ప్రభుత్వం 2023లో బడులకు మళ్లీ అచ్చు పుస్తకాలు కొనడానికి 68 కోట్ల 50 లక్షల క్రోనార్లు కేటాయించింది. నిద్రకు ముందు వెలుగు చిమ్మే టాబ్లెట్‌లో చదివిన 12 మందిని అమెరికాలో పరీక్షించి 2014లో ప్రకటించారు. వారికి నిద్ర పట్టడానికి పది నిమిషాలు ఆలస్యమైంది.

కాబట్టి ప్రతి కుటుంబానికీ మేము చెప్పేది ఇది. మొదటిది, పెద్దల కోసం పలక కొనేముందు, వారికి ఇష్టమైన తెలుగు పుస్తకాన్ని అందులో తెరిపించి, అక్షరం పెంచి చూడండి. రెండవది, ఒకసారి చదివి వదిలే పుస్తకమైతే పలకలో చదవండి. బిడ్డలకు మిగలాలనుకునే పుస్తకాన్ని మాత్రం కాగితంలో కొనండి. మూడవది, పిల్లల పాఠం పుస్తకంలోనే సాగనివ్వండి. నాలుగవది, పాత పుస్తకం ఎంత చిరిగినా, మరొక ప్రతి దొరుకుతుందో లేదో చూడకుండా పారవేయకండి.

మన ఇళ్లల్లో కుటుంబ బైబిలు మొదటి పుటలో పెళ్లిళ్ల తేదీలు, బిడ్డల పుట్టినరోజులు రాసుకునే అలవాటున్నది. మాస్టారి పెట్టెలోనూ అటువంటిది ఒకటున్నది. మేము బయలుదేరేముందు కుమారుడు దాన్ని తీసి, తన పేరు ఎక్కడుందో వెదుక్కున్నాడు. తాతగారి చేతిరాతలో, వెలిసిన సిరాతో, ఉన్నది. కాసేపు చూసి, పెట్టెలోని పుస్తకాలన్నీ ఎండలో ఆరబెట్టడానికి లేచాడు. తల్లి ఎండు వేపాకు తేవడానికి లోపలికి వెళ్లింది. పలక మాస్టారి మంచం మీదనే ఉన్నది, దాని పని దానికున్నది.