నాన్న బ్లేడు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నుంచి గడ్డం కింద పొక్కులతో ఓపీకి వచ్చే కుర్రాళ్లలో కొందరు కొత్తగా సేఫ్టీ రేజర్ పట్టినవాళ్లు. ‘ఏ బ్లేడు మంచిది సార్?’ అని అడుగుతారు. ఇన్నాళ్లూ ఏది వాడావంటే, ‘నాన్నది’ అంటారు.

నా భయమంతా ఆ మాటతోనే. హెపటైటిస్-బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. ఆ మరక కంటికి కనిపించాలనేం లేదు. సెలూన్‌లో కొత్త బ్లేడు వేయమని గట్టిగా అడిగే మనం, ఇంట్లో ముగ్గురికీ ఒకే బ్లేడంటే పొదుపనుకుంటాం. ఎవరి రేజర్ వారికే ఉండాలి.

ఇక రకమంటారా, అంగట్లో దొరికే మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు బ్లేడు చాలు. మహా పదునని స్నేహితులు చెప్పేది చేయి కుదిరాక చూసుకోవచ్చు. వారానికో రకం మారిస్తే తప్పు బ్లేడుదో, చేతిదో తేలదు. నెలరోజులు ఒకటే వాడండి. 4, 5 షేవింగులకు మార్చేయండి, లాగుతుంటే అంతకుముందే. గడ్డం బాగా తడిపి, వెంట్రుకలు వాలిన వైపుకే, నొక్కకుండా గీసుకోవాలి. రక్తం పలుచబడే మందులు వాడే పెద్దలకైతే ట్రిమ్మరే మేలంటాను.

వాడేసిన బ్లేడును మూతున్న పాత రేకు డబ్బాలో వేయండి. చెత్తసంచిలో పడేస్తే, తెల్లారి పారిశుధ్య కార్మికురాలు తెగిన వేలితో మా ఓపీకే వస్తుంది.