ఎన్ని ఫైనల్సో!

నరసరావుపేటలో ఇంజినీరింగ్ చదివే మీ పిల్లల కంప్యూటర్ ఓసారి చూడండి. ‘ప్రాజెక్టు ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’... ఏది అసలుదో వాళ్లకే గుర్తుండదు!

ఈ తికమక తీర్చేందుకే గిట్ ఉంది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాశారు. కొట్లో చిట్టాలా ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో పద్దు రాసిపెడుతుంది. ఆదేశాలన్నీ టైపు చేయాలంటే కొత్తవాళ్లకు బెరుకు కదా! వాళ్ల కోసమే 2018లో వచ్చిన ‘లేజీగిట్’. ఇదీ ఉచితమే.

రెండూ ఇన్‌స్టాల్ చేసుకోండి. టెర్మినల్లో ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి, లేజీగిట్ పేరు ఇంగ్లిషులో టైపు చేయండి. కొత్త చిట్టా తెరవమంటారా అని అడిగితే సరేననండి. మార్చిన ఫైళ్లన్నీ ఓ గడిలో కనిపిస్తాయి. కావల్సిన ఫైలు మీద స్పేస్‌బార్, తర్వాత ‘సి’ నొక్కండి. ఏం మార్చారో ఒక ముక్క రాసి ఎంటర్ కొడితే పద్దు పడినట్టే. ఏ మీట ఎందుకో తెలియకపోతే ప్రశ్నార్థకం నొక్కితే చాలు, జాబితా వస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఫైలు మీద ‘డి’ నొక్కితే మార్పుల్ని పారేసే మెనూ వస్తుంది. అక్కడ సరేనన్నారో, పద్దు పడని పని పోయినట్టే. గిట్ కూడా తెచ్చివ్వలేదు. పద్దు పడినదైతే మర్నాడైనా వెనక్కి తీసుకోవచ్చు. అందుకే పిల్లలకు చెప్పండి... కంప్యూటర్ కట్టేసే ముందు ఓ పద్దు రాయమని!