కడియము - రూపాయి

కుందుర్పి మెట్టలలో పండిన యేడు రైతు వెండి కొనెడివాడు. ఎండిన యేడు దాని నమ్మెడివాడు. బ్యాంకు నెరుగని యా సీమలో ఇల్లాలి కాలి కడియమే కరవునాటి గాదె. ఆ గాదెకు ఆధారము టంకసాల. వెండి తెచ్చినవానికి కూలి పుచ్చుకొని రూపాయలు ముద్రించి యిచ్చుట నాటి శాసనము. రైతు తానై బొంబాయికి పోడు. వాని షరాబు వెనుకనున్న వర్తకుడు పోవును. 180 గ్రెయినుల రూపాయిలో 165 గ్రెయినులు మేలిమి వెండియే గనుక, షరాబెంత గీచినను కడియము వెల కొంత నిలిచెడిది.

1893 జూను 26వ తేదీని ప్రభుత్వమువారు టంకసాలలను ప్రజలకు మూసిరి. లోకమున వెండి చౌకయగుచుండెను. లండనునకు పింఛనులు, వడ్డీలు బంగారు లెక్కను పంపవలెను. సర్కారు చిక్కు నిజమే, కాదనము. కాని ఆ చిక్కు విప్పుటకు రూపాయిని కొరత చేసి 16 పెన్నీల కెక్కించిరి. శిస్తు రూపాయలలో, రైతు దాచినది వెండిలో! ఒకటి యెక్కెను, ఒకటి దిగెను. 1896-97 కాటకమున దత్తమండలముల రైతు కడియము విప్పునప్పటికి, అణా హెచ్చింపకయే శిస్తు బరువెక్కియుండెను.

1940లో రూపాయిలోని వెండిని సగమునకు దించిరి. విక్టోరియా రాణి రూపాయలు 1941 మార్చి 31 తరువాత చెల్లవనిరి. వెండి పాతిపెట్టుట మన రైతు మౌఢ్యమని దొరలు వ్రాయుచుండెడివారు. మరి యేమి పాతిపెట్టవలసినది, కాగితమా?