బుల్లెట్ నడిపినోడు ఏ బండైనా నడుపుతాడా?

హార్స్లీహిల్స్ రైడ్‌లో నేను పడినప్పటి నుంచి మనోళ్ళు రెండే మాటలు అంటా ఉండారు. "ఆ కొత్త బండే సరిలేదు, క్లాసిక్కే మేలు" అని కొందరు. "వయసైనోళ్ళకు రైడ్లు యాల?" అని ఇంకొందరు. రెండూ తప్పే. పడినోణ్ణి నేను, చెప్పే హక్కు నాకుండాది. కొంచెం పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

తప్పు బండిది కాదు. నాది, మన గ్రూపుది. క్లాసిక్ 350 అమ్మి హిమాలయన్ 450 తీసుకొన్న తొమ్మిదో రోజే నేను రైడ్‌కు వచ్చినా. ఇంకా ఫస్ట్ సర్వీసు కూడా కాలే. వెనక నా భార్య, రెండు పక్కలా నింపిన బ్యాగులు. రావద్దని మీలో ఒక్కరన్నా అన్నారా? "అన్నా, కొత్త బండి పవర్ ఘాట్‌లో చూపించాల" అన్నారు. నేనూ ఉబ్బిపోయినా.

పవర్ నిజమే. క్లాసిక్‌ది 20 హార్స్‌పవర్, దీనిది 40. కానీ ఆ పవర్ ఏ ఆర్‌పీఎమ్‌లో వస్తుందో నేను చూడలే. క్లాసిక్ 4000కే తన పూర్తి టార్క్ ఇచ్చేస్తుంది, అంతకంటే కిందనే డుగ్‌డుగ్‌మని లాగుతుంది. హిమాలయన్‌కు పూర్తి టార్క్ 5500 దగ్గర, పూర్తి పవర్ 8000 దగ్గర. మదనపల్లె దాటి కొండెక్కేటప్పుడు (మన పెద్దోళ్ళు ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్ళు, ఆ పేరే బాగుండేది) మలుపులో అలవాటుగా మూడో గేర్‌లోనే తిప్పినా. ఇంజను వణికింది, క్లచ్ పట్టినా, బండి నడిమలుపులో నిలబడిపోయింది. లోపలి వైపుకు కాలు దించితే నేల అందలే. అక్కడ రోడ్డు వాలు. రెండు బండ్ల బరువూ ఇంచుమించు ఒకటే, 195, 196 కిలోలు. కానీ దీని సీటు 825 మిల్లీమీటర్లు, దానిది 805. బొటనవేలి మందం తేడా అంతే. షోరూమ్‌లో చదునైన నేల మీద అది తెలీదు. దానికితోడు 17 లీటర్ల ట్యాంకు నిండా పెట్రోలు పైనుంటే, ఒక్కసారి వాలినాక ఆపేది ఎవరి తరమూ కాదు. నా చీలమండ విరిగింది. ఆమెకు మోచేతి తోలు లేచిపోయింది, అంతటితో పోయింది, దేవుడు చల్లగా చూసినాడు.

మనలో శానామంది కుడికాలి గేరు బుల్లెట్లు నడిపినోళ్ళే. గేరు ఎడమకాలికి మారినప్పుడు ఏం చేసినాం? బ్రేక్ అనుకొని గేరు తొక్కి, నెలరోజులు ఊళ్ళోనే తిప్పి, కాలికి అలవాటైనాకే రోడ్డెక్కినాం. అప్పుడు ఎవరికీ నామోషీ కాలే. ఇప్పుడు మాత్రం బండి మారితే మనిషి మారబళ్ళేదా?

ఈ బండిని నేను అమ్మను. హైవేలో ఆరో గేర్‌లో పోతా ఉంటే చేతులు జిమ్మనవు, నడుము పట్టదు, గుంతలు తెలీవు. అత్తిబెలె ట్రాఫిక్‌లో ఫ్యాన్ తిరిగి కాళ్ళకు వేడి గాలి కొడుతుంది. అది రిపేరు కాదు, రేడియేటర్ ఉండే బండి అంతే. ముందు చక్రం 21 అంగుళాలు, క్లాసిక్‌ది 19. అందుకే మలుపు తిప్పే తీరు వేరేగా అనిపిస్తుంది. ఇవన్నీ వెయ్యి కిలోమీటర్లు ఒంటరిగా తిరిగితే ఒంటికి పడతాయి. పాతది నడిపిన గొప్పతో పడవు.

నేను ఇంత గట్టిగా మాట్లాడేదానికి ఒక కారణముండాది. ఆ దినం నుంచి మూడిళ్ళల్లో పిల్లోళ్ళను రైడ్‌కు పంపమంటా ఉండారు. మన పిల్లోళ్ళు బడిలో చదివేది అరవం. వాళ్ళు ఆ పక్క ఊళ్ళల్లో నాలుగు దినాలు తెలుగులో దారడిగి, తెలుగులో అన్నమడిగి వచ్చేది ఏడాదికి ఈ ఒక్కసారే. మన మెప్పుల కోసం అది ఆగిపోవాల్నా?

అందుకే వచ్చే ఆదివారం కమిటీ ముందు ఒక మాట పెడతా. బండి మార్చినోళ్ళు వెయ్యి కిలోమీటర్లు తిరిగి, ఒక ఘాట్ ఒంటరిగా ఎక్కి దిగేదాకా మన రైడ్‌లో వెనక ఎవరినీ కూర్చోబెట్టుకోకూడదు. మొదటి రైడ్‌లో వాళ్ళు వరసలో చివర ఉండాల, లీడర్ వాళ్ళ వేగానికే నడపాల. "చూపించన్నా" అనే మాట ఎవరి నోట వచ్చినా ఆ పూట భోజనం ఖర్చు వాళ్ళదే. కాదనేవాళ్ళు వచ్చి ఎదురుగా మాట్లాడండి. నేను కట్టుకాలితోనే వస్తా, మెట్ల దగ్గర ఒకరు చెయ్యి పట్టుకోండి.