ఖాళీ పేరుతో వచ్చే తంటా

ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత లాగ్ ఫైళ్లు తుడిచేసే చిన్న బాష్ స్క్రిప్ట్ రాశాను. ఫోల్డర్ దారిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టాను. నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది. సర్వర్‌లో మాత్రం ఆ వేరియబుల్‌ని ఎవరూ సెట్ చేయలేదు. రన్ చేసేముందు మా సీనియర్ చూసి ఆపాడు కాబట్టి బతికిపోయా!

లేకపోతే ఏమయ్యేదంటారా? డాలర్ గుర్తు పక్కన పేరు రాస్తే, షెల్ ఆ పేరు తీసేసి దాని విలువ పెడుతుంది. విలువే లేదనుకోండి, ఎర్రర్ ఇవ్వదు. గప్‌చుప్‌గా ఖాళీ వదిలేస్తుంది. అప్పుడు 'ఫోల్డర్, స్లాష్, స్టార్' అన్నది ఉత్త 'స్లాష్, స్టార్' అయిపోతుంది. అంటే మనకు అనుమతి ఉన్న ప్రతి ఫైలూ గోవిందా! 2015లో లినక్స్ స్టీమ్ స్క్రిప్ట్‌లో ఇలాంటి లైనే బయటపడింది. వేరియబుల్ ఖాళీ కావడంతో యూజర్ల సొంత ఫైళ్లు ఊడ్చుకుపోయాయి.

పైథాన్ తీరు వేరు. అక్కడ ఎక్స్‌పాండ్‌వార్స్‌కి తెలియని పేరు ఇస్తే, డాలర్‌తో సహా అలాగే ఉంచేస్తుంది. తప్పు కనీసం కంటికి కనిపిస్తుంది.

అందుకే ఇప్పుడు నా బాష్ స్క్రిప్టులన్నీ 'సెట్ మైనస్ యు'తో మొదలవుతాయి. సెట్ చేయని పేరు తగిలితే అక్కడే ఆగిపోతాయి. కానీ ఖాళీగా సెట్ చేసిన పేరుని అది పట్టుకోలేదు. అందుకని తుడిచే లైన్‌లో పేరుని మీసాల బ్రాకెట్లలో పెట్టి, పక్కనే కోలన్, ప్రశ్న గుర్తు తగిలిస్తాను. ఖాళీ అయినా సరే, కమాండ్ కదలదు.

రెండే రెండు గుర్తులు. మీ స్క్రిప్టులో ఉన్నాయేమో ఈ రోజే చూసుకోండి.