కాయిల్ మారిస్తే సరిపోదు

ఎండలు ముదిరాయంటే మన పల్లెటూళ్ల దగ్గర మోటారు వైండింగ్ షాపులకు తీరికుండదు. కాలిపోయిన సబ్‌మెర్సిబుల్‌ని బోరులోంచి లాగి ఆటోలో వేసుకొస్తారు. మెకానిక్ రాగి తీగ మళ్లీ చుట్టి, నడిపి చూసి ఇస్తాడు. కొన్నాళ్లకు అదే మోటారు మళ్లీ షాపుకొస్తుంది. అతని పనిలో లోపం లేదు. మోటారును కాల్చిన కారణం పొలం దగ్గరే ఉండిపోయింది.

ఇంజనీరు అవసరం అక్కడే. టయోటాలో పనిచేసిన తైచీ ఓనో, లోపం కనిపించినప్పుడల్లా ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడగమనేవారు. ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇది. యంత్రం ఎందుకు ఆగింది? లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు పెరిగింది? బేరింగుకు నూనె చాలలేదు. ఎందుకు చాలలేదు? నూనె పంపు సరిగా తోడడం లేదు. ఎందుకు? దాని షాఫ్టు అరిగింది. ఎందుకరిగింది? జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే మళ్లీ పోతుంది. జల్లెడ బిగిస్తే ఆ బాధ తప్పుతుంది.

మన మోటారునూ ఇలాగే అడగాలి. వైండింగ్ ఎందుకు కాలింది? మోతాదుకు మించి కరెంటు లాగింది. ఎందుకు లాగింది? వోల్టేజి పడిపోయినా పంపు మీద భారం తగ్గదు కనుక, ఆ లోటును ఆంపియర్లతో పూడ్చుకుంది. కరెంటు 20 శాతం పెరిగితే వైండింగ్‌లో వేడి 44 శాతం పెరుగుతుంది. మరి వోల్టేజి ఎందుకు పడింది? ట్రాన్స్‌ఫార్మర్ మోయలేనన్ని మోటార్లు దాని మీద ఉన్నాయి. పైగా ఆటో స్టార్టర్ల వల్ల త్రీఫేజ్ రాగానే అన్నీ ఒక్కసారే లేస్తాయి.

అయితే ఈ జవాబులన్నీ ఊహలే కావచ్చు. ఒక ఫేజు పోయినా వైండింగ్ కాలుతుంది. బోరు అడుగంటి, చల్లబరిచే నీళ్లు లేకపోయినా కాలుతుంది. ఏది నిజమో మీటరు తేల్చాలి. మోటారు నడుస్తుండగా టంగ్ టెస్టర్‌తో (వైరు తెంచకుండానే కరెంటు కొలిచే మీటరు) మూడు వైర్లూ చూడాలి. మూడింటా ఆంపియర్లు ఎక్కువగా ఉంటే తక్కువ వోల్టేజినో, బిగుసుకున్న పంపునో అనుమానించాలి. ఒకదాంట్లో సున్నా వచ్చి మిగతా రెండూ పెరిగితే ఫేజు పోయినట్టు. మూడింటా ఆంపియర్లు మామూలుకన్నా బాగా పడిపోతే పంపుకు నీళ్లందడం లేదేమో చూడాలి. వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా స్టార్టర్ దగ్గరా, రెండు చోట్లా కొలవాలి. అక్కడ బాగుండి ఇక్కడ పడితే తప్పు మధ్యలోని లైనుది, వదులైన జాయింట్లది. ఈ రెండు కొలతలతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. ఆ తర్వాత కూడా ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

కారణం వెతికే వ్యవధి లేని సందర్భాలూ వస్తాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ గేటు చైను తెగి, గేటు కొట్టుకుపోయింది. జలాశయం నిండుగా ఉంది. డ్యామ్ మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడి మార్గదర్శకత్వంలో ఇంజనీర్లు, కార్మికులు ముందు చేయాల్సిన పనిని విడిగా తీసుకున్నారు. శాశ్వతమైన గేటు సంగతి తర్వాత, ముందు నీళ్లు ఆగాలి. ఐదు భాగాల స్టాప్‌లాగ్ (తాత్కాలిక గేటు) తయారు చేయించి, పారుతున్న నీళ్లలోకే ఒకదాని మీద ఒకటి దించారు. 17వ తేదీకల్లా ఆ ఖాళీ మూసుకుంది. రైతుల నీళ్లను కాపాడిన ఆ పనికి చేతులెత్తి మొక్కాలి. కానీ అక్కడ ఉన్నవి 33 గేట్లు. ఆ ఒక్క చైను ఎందుకు తెగిందో తేలితే తప్ప తక్కిన 32 గేట్ల భద్రత గురించి ధీమాగా మాట్లాడలేని పరిస్థితి అది. నీళ్లు ఆపడం, కారణం తేల్చడం రెండూ ఇంజనీరు పనులే. మొదటిది పూర్తయ్యాక రెండోదాన్ని మరచిపోవడమే మనకు అలవాటైంది.

ఈ అలవాటు కాలేజీలోనే పడుతోంది. ల్యాబులో కనెక్షన్లు ఎలా ఇవ్వాలో మాన్యువల్లో ఉంటుంది, రావలసిన రీడింగులు సీనియర్ల రికార్డులో ఉంటాయి. ‘ఎందుకు’ అని వెతకాల్సిన అవసరమే రాదు. దీన్ని మార్చడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ప్రతి ఎలక్ట్రికల్ ల్యాబు పరీక్షలో లోపమున్న ఒక మోటారు పెట్టండి. లోపమేమిటో చెప్పకండి. ఏం కొలిచారు, దేన్నిబట్టి ఏ అనుమానాన్ని కొట్టేశారు అన్న వాటికి మార్కులివ్వండి. అలాగే కరెంటు ఆఫీసుల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్ల వివరాలు రాసేటప్పుడు ‘ఎందుకు కాలింది’ అన్న గడి నింపనిదే కేసు మూసేయకూడదని నియమం పెట్టండి. అప్పుడు రైతు వైండింగ్‌కి పెట్టే డబ్బు ఎరువుకో, పిల్లల చదువుకో మిగులుతుంది.